దాతల జాబితాలో ఒకే మనిషి నాలుగు పేర్లతో ఉంటే: ఓపెన్‌రిఫైన్ ఎంతవరకు పనికొస్తుంది?

స్వచ్ఛంద సంస్థల్లో దాతల జాబితా ఏ ఒక్కరి చేతి మీదుగానో తయారయ్యేది కాదు. రసీదు పుస్తకం చూసి ఒకరు ఎక్కిస్తారు, శిబిరంలో కాగితం మీద రాసుకున్న వివరాలను ఇంకొకరు ఎక్కిస్తారు, వెబ్‌సైట్‌లో దాతే స్వయంగా నింపుకుంటారు, బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించిన పేరును అకౌంటెంటు యథాతథంగా దించుకుంటారు. కొన్నేళ్లు గడిచేసరికి ఒకే మనిషి ఆ జాబితాలో మూడు నాలుగు చోట్ల, ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగుతో, ఒకచోట ఫోన్ నంబరు ఉండి మరోచోట పాన్ మాత్రమే ఉండి కనిపిస్తారు. ఇంటికి రెండు ఆహ్వానపత్రాలు వెళ్తే దాత నవ్వి ఊరుకుంటారు కానీ, పన్ను రాయితీ విషయంలో ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి, దాతలకు పన్ను రాయితీ ఇప్పించే 80జి గుర్తింపు ఉన్న సంస్థలు ప్రతి దాత పేరు, చిరునామా, పాన్ లేదా మరో గుర్తింపు సంఖ్య, ఇచ్చిన మొత్తం చూపిస్తూ ఫారం 10బీడీని ఏడాది ముగిశాక మే 31లోగా దాఖలు చేయడం, దాని ఆధారంగా 10బీఈ ధ్రువపత్రాన్ని దాతకు అందించడం తప్పనిసరి అయింది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. ఒక దాతకు రెండు రికార్డులుండి, ఒకదానిలోనే పాన్ ఉంటే, రెండో రికార్డు కింద జమ అయిన విరాళం ఆయన పాన్‌కు చేరదు. తప్పు మన జాబితాలో ఉంటుంది, నష్టం మాత్రం డబ్బిచ్చిన మనిషికి జరుగుతుంది.

ఈ పనికి నేను వాడుతున్నది ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మెటావెబ్ అనే కంపెనీలో 2010లో ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్ పేరుతో ఇది మొదలైంది. అదే ఏడాది ఆ కంపెనీని గూగుల్ కొనడంతో గూగుల్ రిఫైన్ అయింది. 2012లో గూగుల్ తప్పుకోవడంతో ఔత్సాహికుల చేతుల్లోకి వచ్చి ఇప్పటి పేరు పెట్టుకుంది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది కాబట్టి ఇంటర్నెట్‌లో నడిచే సేవ అనుకునే ప్రమాదం ఉంది కానీ, నిజానికి ఇది మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది, మన ఫైలు ఎక్కడికీ వెళ్లదు. నా దృష్టిలో ఈ ఒక్క గుణమే సగం మార్కులకు సరిపోతుంది. దాతల పాన్ నంబర్లు, ఫోన్లు, ఇంటి చిరునామాలు ఉన్న ఫైలును ఊరూ పేరూ తెలియని ఉచిత వెబ్‌సైట్లకు ఎక్కించి డూప్లికేట్లు తీయించుకునే అలవాటు చిన్న సంస్థల్లో కనిపిస్తూనే ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది సరే, చట్టం లేకపోయినా దాత మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి.

ఎక్సెల్‌లో ‘రిమూవ్ డూప్లికేట్స్’ ఉండగా మరొకటి ఎందుకు అని అడిగేవారికి రెండు కారణాలు చెప్పాలి. మొదటిది, ఎక్సెల్ మనం ఎంచుకున్న కాలమ్‌లలో అక్షరం పొల్లుపోకుండా ఒకటైన వరుసలనే డూప్లికేట్లుగా గుర్తిస్తుంది, అసలు మన సమస్య అవి కావు. పైగా మొదటి వరుసను ఉంచి మిగతావాటిని చెరిపేస్తుంది, చెరిపిన వరుసలో మాత్రమే ఉన్న ఈమెయిల్ గతేమిటో చూసుకునే అవకాశం ఇవ్వదు. రెండోది, దేశ కోడుతో కలిపి పన్నెండు అంకెలున్న ఫోన్ నంబరును ఎక్సెల్ సంఖ్యగా భావించి దశాంశ బిందువుతో, ‘ఈ’ అక్షరంతో కుదించి చూపిస్తుంది. ఆ ఫైలును అలాగే సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుగా దాస్తే చివరి అంకెలు పోయి నంబరు శాశ్వతంగా పాడవుతుంది. ఓపెన్‌రిఫైన్‌లోకి ఫైలు తెచ్చుకునేటప్పుడు గళ్లలోని అక్షరాలను సంఖ్యలుగా మార్చాలా అని అడిగే గడిని టిక్ చేయకుండా వదిలేస్తే ఫోన్లు, పిన్‌కోడ్లు, ముందు సున్నా ఉన్న రసీదు నంబర్లు అన్నీ రాసినవి రాసినట్టే ఉంటాయి.

ఇక అసలు పని చేసేది ‘క్లస్టర్ అండ్ ఎడిట్’ అనే విభాగం. పేర్ల కాలమ్ మీద దాన్ని నడిపితే ఒకే మనిషివి కావచ్చని అనుమానించిన పేర్లన్నిటినీ గుంపులుగా చూపిస్తుంది. ఏ రూపం ఎన్ని వరుసల్లో ఉందో పక్కనే అంకె ఉంటుంది. ఏ గుంపును కలపాలో, కలిపితే ఏ స్పెల్లింగు ఉంచాలో మనమే చెప్పాలి. అనుమానించే పద్ధతులు చాలా ఉన్నాయి. మొట్టమొదటిది ‘ఫింగర్‌ప్రింట్’. పేరులోని పెద్దక్షరాలను చిన్నవి చేసి, చుక్కలూ కామాలూ తీసేసి, ఖాళీల దగ్గర ముక్కలు చేసి, ఆ ముక్కలను అకారాది క్రమంలో పేర్చి, వచ్చిన రూపం ఒకటైతే గుంపు కడుతుంది. ఇంటిపేరు ముందు రాయాలా వెనుక రాయాలా అన్నది ఆంధ్ర దేశంలో ఏనాడూ తేలని విషయం కాబట్టి, మన జాబితాలకు ఇంతకన్నా పనికొచ్చే పద్ధతి లేదు. కె. వెంకటేశ్వర రావు, వెంకటేశ్వర రావు కె, కామా పెట్టి రావు ముందు వచ్చిన రూపం, మూడూ ఒక్క దెబ్బకు ఒకచోటికి చేరతాయి. అమెరికా వెళ్లిన దాతల విషయంలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడ ముందున్న ఇంటిపేరు అక్కడి ఫారాల్లో చివరికి పోతుంది, వారు వెబ్‌సైట్‌లో విరాళం ఇచ్చినప్పుడు అదే వరుసలో నింపుతారు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, పుస్తకం చూసి నేర్చుకునేవారికి అది వెంటనే తట్టదు. ఫింగర్‌ప్రింట్ పద్ధతి చుక్కను తీసేస్తుందే తప్ప ఆ స్థానంలో ఖాళీ పెట్టదు. మన దగ్గర ఇనీషియల్, చుక్క, వెంటనే ఖాళీ లేకుండా పేరు రాయడం సర్వసాధారణం. అలా రాసిన కె.వెంకటేశ్వర రావు విషయంలో చుక్క పోగానే కె అక్షరం పేరుకు అతుక్కుపోయి కొత్త మాట తయారవుతుంది, అది ఏ గుంపులోనూ చేరదు. అందుకని క్లస్టరింగ్‌కు ముందే చుక్కలన్నిటి స్థానంలో ఖాళీలు పెట్టి, జంట ఖాళీలను ఒక్కటిగా కుదించి, అటూ ఇటూ మిగిలిన ఖాళీలను కత్తిరించాలి. శ్రీ, శ్రీమతి, డాక్టర్, గారు వంటి మాటలను వేరే కాలమ్‌లోకి పంపాలి. ఇవన్నీ నాలుగు ఆదేశాల పని. రావును పేరుకు కలిపి రాసినవారూ విడదీసి రాసినవారూ ఒకటి కావాలంటే ‘ఎన్-గ్రామ్ ఫింగర్‌ప్రింట్’ వాడాలి, అది ఖాళీలను పట్టించుకోదు.

రెండో తరహా పద్ధతి ‘నియరెస్ట్ నైబర్’, అంటే ఒక పేరును రెండో పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కగట్టేది. మనుషుల పేర్లకు ఇది ఎంత అవసరమో అంత ప్రమాదకరం. ఇంగ్లిష్ లిపిలో సునీత పేరును టి తర్వాత హెచ్ పెట్టి రాసేవారున్నారు, పెట్టకుండా రాసేవారున్నారు. ఆ రెండింటికీ మధ్య దూరం ఒక్క అక్షరం. రమేష్‌కూ రాజేష్‌కూ మధ్య కూడా దూరం ఒక్క అక్షరమే, ఎం ఉన్నచోట జె. యంత్రానికి ఈ రెండు జంటలూ సమానమే. మొదటిది ఒకే మనిషని, రెండోది బహుశా అన్నదమ్ములని తెలిసేది తెలుగువాడికి మాత్రమే. లక్ష్మి పేరును కె, ఎస్, హెచ్ పెట్టి రాసినదానికీ ఎక్స్‌తో రాసినదానికీ మధ్య దూరం మూడు. వాటిని పట్టుకోవాలని పరిధిని మూడుకు పెంచితే రామారావు, రమణారావు కూడా ఒకే గుంపులోకి వస్తారు. ఈ విభాగంలో ‘సెలెక్ట్ ఆల్’ అనే బొత్తాం ఒకటుంది. నియరెస్ట్ నైబర్ ఫలితాల మీద దాన్ని ఎన్నడూ నొక్కకూడదు. ప్రతి గుంపు పక్కనా ఆ వరుసలను విడిగా తెరిచి చూపే లింకు ఉంటుంది. ఊరు, ఫోన్, పాన్ పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయించడం ఒక్కటే మార్గం.

ఉచ్చారణ మీద ఆధారపడే పద్ధతులు కూడా ఇందులో ఉన్నాయి కానీ అవి మనకోసం చేసినవి కావు. మెటాఫోన్3 ఇంగ్లిష్ పలుకుబడిని, కొలోన్ జర్మన్ పలుకుబడిని, డైట్చ్-మొకొటాఫ్ తూర్పు ఐరోపా యూదుల ఇంటిపేర్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. తెలుగు పేర్లను రోమన్ లిపిలో రాసే తీరుకు ఒక సొంత క్రమం ఉంది, దాన్ని మనమే రాసుకోవడం మేలు. ఓపెన్‌రిఫైన్‌లో గ్రెల్ అనే చిన్న సూత్రాల భాష ఉంది. దానితో పేరు కాలమ్‌కు నకలు తీసి, ఎక్స్ ఉన్నచోట కె-ఎస్, ఎస్-హెచ్ ఉన్నచోట ఉత్త ఎస్, టి-హెచ్ ఉన్నచోట టి, డి-హెచ్ ఉన్నచోట డి, రెండు ఈలు ఉన్నచోట ఐ, రెండు ఓలు ఉన్నచోట యు, డబ్ల్యు ఉన్నచోట వి పెట్టి, ఆ పైన ఫింగర్‌ప్రింట్ తీస్తే వచ్చే కాలమ్ తెలుగు పేర్లకు పైన చెప్పిన విదేశీ పద్ధతులన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. సీత, సునీత, లక్ష్మి, ఈశ్వర్, పూర్ణిమ వంటి పేర్లలోని స్పెల్లింగు తేడాలు అక్కడికక్కడే సర్దుకుంటాయి, పరిధి పెంచాల్సిన అవసరం రాదు కాబట్టి రమేష్, రాజేష్ జోలికి పోదు. ఈ మార్పులన్నీ నకలు కాలమ్‌లోనే జరగాలి. దాత తన పేరును ఎలా రాసుకున్నారో అది అలాగే ఉండాలి, ఎందుకంటే రసీదు మీద, ధ్రువపత్రం మీద వెళ్లేది ఆ పేరే.

పేరు ఒక్కటే ఎప్పుడూ చాలదు. ఫోన్ నంబరులో అంకెలు కానివన్నీ తీసేసి చివరి పది అంకెలను ఒక కాలమ్‌గా, పాన్‌ను పెద్దక్షరాల్లోకి మార్చి మరొక కాలమ్‌గా పెట్టుకోవాలి. పాన్‌లో మొదట అయిదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి. నాలుగో అక్షరం పి అయితే వ్యక్తి, హెచ్ అయితే హిందూ అవిభక్త కుటుంబం, సి అయితే కంపెనీ, టి అయితే ట్రస్టు. ఈ నాలుగో అక్షరాన్ని విడదీసి ఫేసెట్ పెట్టి చూస్తే, అంటే ఏ అక్షరం కింద ఎన్ని వరుసలున్నాయో వడపోసి చూస్తే, వ్యక్తిగా నమోదైన కుటుంబాలు, కంపెనీ పేరుతో ఇచ్చిన యజమానులు వెంటనే బయటపడతారు. ఒకే పేరు, ఒకే చిరునామా ఉండి నాలుగో అక్షరం మాత్రం పి, హెచ్‌గా వేరుపడితే అవి కలపకూడని రికార్డులు. పన్ను లెక్కలో వారు ఇద్దరు దాతలు.

ఫోన్ నంబరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకరే అనుకోవడం మన కుటుంబాల్లో చెల్లదు. కొడుకు నంబరే తల్లిదండ్రులిద్దరి రికార్డుల్లోనూ ఉంటుంది, శిబిరాల్లో దాత నంబరు చెప్పకపోతే కార్యకర్త తన నంబరే వేస్తాడు. డూప్లికేట్స్ ఫేసెట్‌లో ఒకే నంబరు పదుల వరుసల్లో కనిపిస్తే అది దాతది కాదు, కార్యకర్తది. ఇక తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు: ఇంటిపేరు ఒకటి, పేరు ఒకటి, చిరునామా ఒకటి, ల్యాండ్‌లైన్ కూడా ఒకటి, మనుషులు మాత్రం ఇద్దరు. పాన్ లేదా పుట్టిన తేదీ తప్ప ఇంకేదీ వారిని విడదీయలేదు, అవి రెండూ లేకపోతే ఫోన్ చేసి అడగాలి. స్వర్గస్థులైన పెద్దల పేరు మీద అన్నదానానికి, గ్రంథాలయానికి ఇచ్చే విరాళాలు మరొక చిక్కు. పేరు కాలమ్‌లో కీర్తిశేషులని ఉంటుంది, డబ్బు ఇచ్చింది కుమార్తె. ఆ రికార్డును కుమార్తె రికార్డులో కలిపేస్తే ఏ తండ్రి జ్ఞాపకార్థం ఇచ్చారో ఆ తండ్రి పేరు జాబితాలోంచి మాయమవుతుంది. పెద్దల పేరును విరాళం వరుసలో ‘జ్ఞాపకార్థం’ అనే కాలమ్‌లోకి మార్చి, ఆ తర్వాతే దాతను సరిచేయాలి.

ఓపెన్‌రిఫైన్ గురించి కొత్తవారు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. క్లస్టర్‌లో ‘కలుపు’ అని ఆదేశిస్తే అది మార్చేది గడిలోని అక్షరాలను మాత్రమే. మూడు వరుసలు మూడుగానే ఉంటాయి, మూడింట్లోనూ పేరు ఒకేలా కనిపిస్తుంది, అంతే. వరుసలను నిజంగా ఒకటి చేయడం తర్వాతి పని, దానికి సరైన బొత్తాం ఇందులో లేదు. కీ కాలమ్‌ను, అంటే ఒకే మనిషి వరుసలన్నిటిలో ఒకే విలువ ఉండే కాలమ్‌ను, మొట్టమొదటికి జరిపి, దాని ప్రకారం వరుసలు పేర్చి, ‘బ్లాంక్ డౌన్’ చేసి (పై వరుసలో ఉన్న విలువే కింద మళ్లీ వస్తే ఆ గడిని ఖాళీ చేసి), రికార్డుల వీక్షణలోకి వెళ్లి, మిగతా కాలమ్‌ల విలువలను ఒక్కొక్కటిగా జోడించాలి. ఇక్కడ పేర్చడం తెర మీది చూపు మాత్రమే అని గుర్తుంచుకోవాలి. ‘రీఆర్డర్ రోస్ పర్మనెంట్లీ’ అని విడిగా ఆదేశించకపోతే బ్లాంక్ డౌన్ పాత క్రమం మీదే పనిచేసి, డూప్లికేట్లను వదిలేస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని మెనూలో ఒక మూల దాచడం ఈ సాఫ్ట్‌వేర్‌లోని పెద్ద లోపమని నా అభిప్రాయం.

విరాళాల పట్టికను ఈ జోడింపులోకి లాగకూడదు. దాతల పట్టిక ఒక ప్రాజెక్టుగా, విరాళాల పట్టిక మరో ప్రాజెక్టుగా ఉంచి, పాత దాత సంఖ్యకు ఎదురుగా నిలుపుకున్న దాత సంఖ్య రాసిన చిన్న పట్టిక తయారు చేసుకుంటే, ‘క్రాస్’ అనే సూత్రం ఒక ప్రాజెక్టు నుంచి మరో ప్రాజెక్టులోకి కొత్త సంఖ్యను తెచ్చి పెడుతుంది. ఈ మార్పుకు ముందూ తర్వాతా విరాళాల వరుసల సంఖ్య, మొత్తం సొమ్ము పైసాతో సహా ఒకటిగా ఉండాలి. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఆగి వెతకాలి. అలాగే, ఒకప్పుడు భారత పౌరులుగా ఉండి ఇప్పుడు విదేశీ పౌరసత్వం తీసుకున్న దాతల రికార్డులను కలిపేటప్పుడు, పౌరసత్వం మారిన తర్వాత వచ్చిన సొమ్ము విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందకు వస్తుందని మరవకూడదు. మనిషి ఒకరైనా పౌరసత్వం మారకముందు, మారిన తర్వాత ఇచ్చిన విరాళాలు వేర్వేరు గుర్తులతో ఉండితీరాలి.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఎడమవైపు ఉండే చరిత్ర పట్టీ. ఫైలు తెరిచినప్పటి నుంచి చేసిన ప్రతి పనీ అందులో వరుసగా నమోదవుతుంది, ఎన్ని అడుగులైనా వెనక్కి వెళ్లవచ్చు, మరునాడు తెరిచినా ఆ చరిత్ర అలాగే ఉంటుంది. ఆ అడుగులను జేసన్ అనే టెక్స్ట్ రూపంలో బయటికి తీసి దాచుకుంటే, వచ్చే ఏడాది కొత్త జాబితా మీద అదే క్రమాన్ని మళ్లీ నడపవచ్చు, ఏ స్పెల్లింగును దేనిలో కలపాలని నిర్ణయించామో అది కూడా దానితోపాటే వస్తుంది. ఒక్కో గడిలో చేత్తో దిద్దినవి, నక్షత్రం గుర్తు పెట్టినవి మాత్రం అలా బయటికి రావు, కాబట్టి చేత్తో దిద్దడం ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఆడిటరు అడిగినప్పుడు ఫలానా రెండు రికార్డులు ఎందుకు ఒకటయ్యాయో చూపించగలగడం చిన్న సంస్థకు పెద్ద ధైర్యం.

దాతల వివరాలు, విరాళాలు నిర్వహించే సివీసీఆర్ఎం అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్న సంస్థలు దీనికన్నా ముందు అందులోనే ఉన్న డూప్లికేట్ల విభాగాన్ని చూడాలి. 2005 నుంచి స్వచ్ఛంద సంస్థల కోసమే నడుస్తున్న ఈ ఉచిత వ్యవస్థలో ఈమెయిల్‌కు ఇన్ని మార్కులు, ఇంటిపేరుకు ఇన్ని మార్కులు అని మనమే నిర్ణయించి, మొత్తం ఎంత దాటితే అనుమానించాలో చెప్పవచ్చు. రెండు రికార్డులను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది, కలిపితే విరాళాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ నిలిచే రికార్డుకు వాటంతటవే చేరతాయి, ఇద్దరు వేర్వేరని ఒకసారి చెబితే ఆ జంటను మళ్లీ చూపదు. తాతా మనవళ్ల సమస్యకు ఈ చివరి వసతి చాలా గొప్పది, ఓపెన్‌రిఫైన్‌లో అలాంటిది లేదు. కాకపోతే అక్కడ కలిపిన రికార్డులను విడదీసే ఆదేశం లేదు, ఇంటిపేరు అటూ ఇటూ అయిన సంగతిని అది సొంతంగా పట్టుకోలేదు. అందుకే పాత ఎక్సెల్ ఫైళ్ల నుంచి అటువంటి వ్యవస్థకు మారబోయేవారు ముందు ఓపెన్‌రిఫైన్‌లో శుభ్రం చేసి, ఆ తర్వాత ఎక్కించుకోవాలని నా సలహా.

ఒకే సమయంలో ఇద్దరు కూర్చుని ఒకే జాబితా మీద పనిచేసే వీలు ఇందులో లేదు, దిద్దిన ఫలితాన్ని సంస్థ డేటాబేస్‌లోకి నేరుగా పంపే దారీ లేదు. ఎగుమతి చేసి మళ్లీ ఎక్కించాల్సిందే. నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి, గ్రెల్ సూత్రాలు మొదట్లో కొరుకుడు పడవు. దాతల సంఖ్య రెండు మూడు వందలు దాటని సంస్థలకు ఇంత అవసరం లేదు, తెలిసినవారు ఇద్దరు ఒక పూట కూర్చుని చదివితే తేలిపోతుంది. వేలల్లో ఉన్న జాబితాకు మాత్రం నేను దీన్నే సిఫారసు చేస్తాను. విండోస్ వాడేవారు జావా కలిపి ఉన్న ప్యాకేజీని దించుకుంటే వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ఖాతా తెరవనక్కర్లేదు. పని మొదలుపెట్టాల్సింది మేలో కాదు, మార్చి నెలాఖరుకన్నా ముందు. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అనుమానించిన జంటల్లో కొన్నింటికి దాతకు ఫోన్ చేస్తే తప్ప సమాధానం దొరకదు, ఆ ఫోన్లకు సమయం కావాలి.